యాభై కేబీల దొరవారికి

అప్‌లోడు పరిమితులను నిర్ణయించే మహాశయులకు,

జగ్గయ్యపేటలో ఫొటో స్టూడియో, జిరాక్సు, నెట్ సెంటరు మూడూ ఒకే షట్టరు కింద నడుపుకునే చిరు వ్యాపారి నమస్కరించి రాసుకునేది. ఇది ఫిర్యాదు కాదండీ. ఫిర్యాదు చేయాలంటే కాగితాలు జతచేయాలి, వాటికీ మీరు ఓ సైజు పెట్టే ఉంటారు. ఇది కృతజ్ఞత.

సెల్‌ఫోన్ వచ్చి మా స్టూడియోవాళ్ల నోట్లో మట్టి కొట్టింది. ఇక షట్టరు దించుకోవడమే అనుకుంటున్న రోజుల్లో ‘ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ’ అని ఒక్క ముక్క రాసి మమ్మల్ని నిలబెట్టారు. ఫోన్లలో కెమెరాలు పెరిగాయి, ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీలైంది. మీరు మాత్రం మాట మీదే ఉన్నారు. ఫొటో ఇప్పుడు అందరి జేబులోనూ ఉంది. ఫారం పుచ్చుకునే ఫొటో కావాలంటే నా దగ్గరికే రావాలి.

ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల సీజనంటే నాకు సంక్రాంతే. ఫొటో 200 బై 230 పిక్సెళ్లు. సంతకం 140 బై 60. ఎడమ బొటనవేలి ముద్ర 20 నుంచి 50 కేబీ. ఆపైన ఇంగ్లీషులో సొంత దస్తూరితో రాసిన హామీపత్రం, అది 50 నుంచి 100. సంతకం గానీ హామీపత్రం గానీ అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే చెల్లదు. ఈ పేట కట్టించిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారే దరఖాస్తు పెట్టుకున్నా, అంత పేరూ 140 పిక్సెళ్లలో ఇమడాల్సిందే. నాలుగూ కలిపి ఎంత ఉబ్బినా 220 కేబీ దాటవు. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫోను తీసే బొమ్మలో కోటీ ఇరవై లక్షల చుక్కలుంటాయి, మీకు కావలసింది 46 వేలు. రెండొందల అరవై చుక్కలకు ఒక్కటి ఉంచి తక్కినవి పారబోయడమే నా వృత్తి.

మొన్న వత్సవాయి వైపు నుంచి ఓ రైతు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ‘ఫొటోలో పిల్ల బాగానే ఉందిగా బాబూ, ఇంకేం తగ్గించాలి?’ అన్నాడు. ‘బరువు, బాబాయ్’ అన్నాను. ఆయన పిల్లను ఎగాదిగా చూసి, ‘ఉన్నదే చీపురుపుల్లంత, ఇంకేం తగ్గుద్దయ్యా’ అన్నాడు.

పైన గీసిన గీత కంటే కింద గీసిన గీతే మీ ప్రతిభకు తార్కాణం. తెల్లకాగితం మీద సంతకంలో సిరా తక్కువ, తెలుపు ఎక్కువ. తెలుపు ఇట్టే నలిగిపోతుంది కనుక ఫైలు ఆరు కేబీలకు దిగిపోతుంది. ‘చాలా చిన్నది’ అని మీ ఫారం తిప్పికొడుతుంది. చిక్కినదాన్ని మళ్లీ మేపాలి. గరుకు కాగితం మీద సంతకం పెట్టించి, కాస్త నీడ పడేలా ఫొటో తీస్తాను. మరకలన్నీ బరువే. శుభ్రమైన సంతకాన్ని కాదని మురికిదాన్ని మెచ్చే దర్బారు మీది కాక ఇంకెక్కడుంది?

నందిగామలో ఇదే వ్యాపారం చేసే మా బావమరిదికి నోరు ఆగదు. ఫొటోను వాట్సాప్‌లో పంపుకుంటే దానంతటదే చిక్కుతుందని ఊరంతా చెప్పేశాడు. అలా చిక్కింది చాలాసార్లు నూరో నూటయాభయ్యో దగ్గర ఆగిపోతుంది కాబట్టి బతికిపోయాను. ముందు ముఖం మేరకు కత్తిరించాలి, వెనకున్న ఫ్యానూ క్యాలెండరూ పోవాలి. తర్వాత పిక్సెళ్లు, చివర్న క్వాలిటీ. తొందరపడి క్వాలిటీ ఒక్కటే దించితే ముఖం గళ్ల లుంగీ అవుతుంది. ఈ రహస్యం వాడికింకా చెప్పలేదు.

గళ్లంటే గుర్తొచ్చింది. ఫొటోను ఎనిమిదికెనిమిది చుక్కల గళ్లుగా విడగొట్టి, కంటికి ఆనని వివరాన్ని వదిలేయడమే జేపెగ్ పద్ధతి. దానికి ఆధారమైన లెక్కను 1974లో నాసిర్ అహ్మద్, నటరాజన్, కె.ఆర్.రావు ప్రచురించారు. ఆ రావుగారు కామిశెట్టి రామమోహనరావు, పేరు చూస్తే మనవాడే. 1992లో జేపెగ్ ప్రపంచ ప్రమాణమైంది. ఈ పని మనిషి కూర్చుని చేయకుండా యంత్రమే చేసుకోవాలని అంత పెద్దలు అంత కష్టపడ్డారు. మీరు దాన్ని తిరిగి మనిషికి అప్పగించారు. లేకపోతే నేనేమైపోదును?

ఇక అసలు విన్నపం. మీ దగ్గర ఎవరో ఒక కుర్ర ఇంజనీరు ఉంటాడు. ఫొటో ఎంచుకోగానే బ్రౌజరే దాన్ని కుదించి పంపగలదు, నాలుగు లైన్ల కోడు చాలు అంటాడు. వినొద్దు. పది లక్షల మంది తలా 50 కేబీ పంపినా మొత్తం 50 జీబీ, మా పేటలో అమ్మే 64 జీబీ పెన్‌డ్రైవులో ఇంకా చోటు మిగులుతుందని లెక్క కూడా కట్టి చూపిస్తాడు. ఆఖరి తేదీ రాత్రి సర్వరుకు ఊపిరాడదని మీరు గదమాయించండి. ముందే కుదించి పంపితే ఆ భారమూ ఉండదని వాడు అనేలోగా మీటింగు ముగించండి.

ఒక్క బెంగ మాత్రం ఉంది. నా కొట్టు కట్టేశాక పిల్లలు ఊరూ పేరూ తెలియని ఉచిత సైట్లలోకి వెళ్లి ఫొటో, సంతకం, వేలిముద్ర మూడూ కుదించుకుంటున్నారు. దస్తావేజు పుట్టించడానికి ఇంకేం కావాలి? తప్పు మీదేం లేదులెండి, వాళ్లు ఉదయందాకా ఆగాల్సింది.

ఇట్లు,
తమ విధేయుడు,
జగ్గయ్యపేట, ఎన్టీఆర్ జిల్లా (మీ ఫారంలో ఆ జిల్లా కనపడకపోతే కృష్ణా అని నొక్కండి, 2022 ఏప్రిల్ దాకా అదే).

తా.క.: కింద పెట్టిన సంతకం తొమ్మిది కేబీలే వచ్చింది. కాస్త మేపి మళ్లీ పంపుతాను.