కాకిలెక్కలు

ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని విశాఖ పూర్ణా మార్కెట్‌కి నేనే వెళ్తానంటే మా ఆవిడ మొదట్లో మురిసిపోయింది. ఇన్నేళ్లకి మొగుడికి బుద్ధొచ్చిందనుకుంది పాపం. నా జేబులో మెర్లిన్ ఉన్న సంగతి ఆవిడకి తెలీదు.

మెర్లిన్ ఒక ఆప్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షుల ల్యాబు వాళ్లు 2014లో తెచ్చారు. ఉన్న చోటూ తేదీ చెబితే, చుట్టుపక్కల ఏ పిట్టలు కనబడే వీలుందో వరసగా చూపిస్తుంది. సోది చెప్పడం కాదు, 2002 నుంచి ఈబర్డ్ అనే వెబ్‌సైటులో జనం తాము చూసిన పిట్టల గురించి రాసిపెడుతున్న జాబితాలే దాని ఆధారం. ఈబర్డ్ ఒక్కో పిట్టకి నెలకి నాలుగు చొప్పున ఏడాదికి 48 గళ్లలో ఆకుపచ్చ గీతలు గీస్తుంది. గీత లావుగా ఉంటే తరచూ కనబడేది, సన్నగా ఉంటే అరుదు.

పూర్ణా మార్కెట్లో అన్నీ లావు గీతలవాళ్లే. కాకి, పావురం, గోరింక. పోర్టు దగ్గరే కాబట్టి గద్దలూ ఉంటాయి. నా పాండిత్యమంతా అక్కడే. తోక చీలినట్టుంటే నల్లగద్ద. తోక గుండ్రంగా, తల తెల్లగా, ఒళ్లు ఇటుకరంగులో ఉంటే గరుడపక్షి. ఈ తేడా చేపలమ్మే ఆవిడకి విడమరిచి చెప్పాను. "ఏదైతే ఏటి బాబూ, రెండూ నా సేపలే ఎత్తుకెల్తాయి. కవళ్లు కొంతావా, నేదా?" అంది.

కూత విని పిట్ట పేరు చెప్పే విద్య 2021లో ఆప్‌కి వచ్చింది. శబ్దాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మని పోలుస్తుందట. టమాటా కేకల మధ్య, ఆటో హారన్ల మధ్య ఫోను పైకెత్తి నిలబడ్డాను. ఒక పెద్దాయన జాలిపడి, "అటేపెల్లండి బాబూ, అక్కడ సిగ్నలుంటాది" అన్నాడు. థాంక్స్ చెప్పి అటేపే వెళ్లాను, ఇంకేం చెప్పను?

చూసిన పిట్టల జాబితా నేనూ ఈబర్డ్‌కి పంపుతుంటాను. పెంచుకునే పిట్టలు ఆ లెక్కలోకి రావు. కోడిమాంసం కొట్ల ముందు బోనుల నిండా అన్ని కోళ్లుండగా నా అంకె ఒక్కటీ పెరక్కపోవడం నాకిప్పటికీ కడుపుమంటే. పోనీ కాకుల్ని ధారాళంగా వేద్దామంటే, మామూలుకంటే ఎక్కువైతే "నిజమేనా, వివరం రాయండి" అని ఈబర్డ్ నిలదీస్తుంది. జిల్లాలో నా స్థానం మాత్రం ఎంసెట్ ర్యాంకులా రాత్రి పడుకోబోయే ముందు కూడా ఒకసారి చూసుకుంటాను. ఎంత అని అడక్కండి.

జాబితా పంపేముందు ఇంకో ప్రశ్న ఉంటుంది: గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా? అవునని గర్వంగా నొక్కి ఇంటికొచ్చాను. మా ఆవిడ సంచీ బోర్లించి, "నేను రాసిచ్చినవన్నీ తెచ్చారా?" అంది. చింతపండు లేదు. కొత్తిమీర లేదు. వంకాయలున్నాయి గానీ, సగం పుచ్చులు.

ఆవిడ ఫోను లాక్కుంది. ఆకుపచ్చ గీతలు చూసి ఇవేంటంది. అడిగిందే చాలని, లావెందుకో సన్నమెందుకో దండిగా వివరించాను. శ్రద్ధగా విన్నది.

"అంటే ఇంట్లో మీది ఏడాది పొడుగునా సన్నగీతే అన్నమాట. భోజనాల వేళకి మాత్రం కాస్త లావెక్కుతుంది" అని, చింతపండుకి మా అబ్బాయిని పంపింది.