ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్

నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో రెండంతస్తుల ఇల్లు. కంప్యూటర్లు మూడు, ప్రింటర్ ఒకటి, వాటన్నిటి మధ్య తిరిగేది ఒక పెన్‌డ్రైవ్. కింద హాల్లో డెస్క్‌టాప్, పైన కోడలి ల్యాప్‌టాప్, శని ఆదివారాల్లో గచ్చిబౌలి నుంచి వచ్చే అల్లుడి ల్యాప్‌టాప్. కోడలు ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పైన ప్రశ్నపత్రం టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మెట్లు దిగి ప్రింటు తీస్తుంది. అందులో తప్పు కనబడితే మళ్లీ మెట్లెక్కుతుంది. ఆమె కోరింది ఒకటే, పైన ఉన్న ఫైలు కింద కనిపించాలి. దీనికి విండోస్ ఉన్నవాళ్లు కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. కొనేది లేదు కాబట్టే ముగ్గురు మగవాళ్లు కూర్చుని చర్చించాల్సి వచ్చింది.

వాళ్ల పేర్లతో పనిలేదు. ఖలీల్‌వాడీ నుంచి కంఠేశ్వర్ దాకా ఏ గల్లీలో అడిగినా దొరికే మనుషులే. పెద్దసారు బోధన్ నిజాం షుగర్స్‌లో చెరుకు సెక్షన్ గుమాస్తాగా చేసి రిటైరైన మామగారు. రిజిస్టర్‌లో రాయనిది జరగలేదని ఆయన నమ్మకం. అల్లుడు సాఫ్ట్‌వేర్, నోరు తెరిస్తే క్లౌడ్. ఇక కంప్యూటర్ల షాపాయన. అతని దగ్గర ప్రతి రోగానికీ ఒకటే మందు, ఫార్మాట్.

"ఏంది మేడం ప్రాబ్లం?" అని షాపాయన బ్యాగు దించాడు.

"నా ల్యాప్‌టాప్ల కింద కంప్యూటర్ కనవడ్తలేదు," అంది కోడలు. "నెట్‌వర్క్ అని నొక్కితే ఖాళీగ వస్తున్నది. దాని పేరు కొడితే ఏదో నంబరు చూపిస్తున్నది, 80070035 అని."

"వైరస్," అన్నాడు షాపాయన, స్క్రీన్ చూడకుండానే.

అడిగిన దారి నెట్‌వర్క్‌లో దొరకలేదని విండోస్ చెప్పడానికి వాడే నంబరు అది. దానికీ వైరస్‌కూ చుట్టరికం లేదు. కానీ దారి దొరకలేదంటే విజిటింగ్ చార్జీ మాత్రమే వస్తుంది, వైరస్ అంటే బిల్లు వస్తుంది.

"సీ డ్రైవ్ లేపేసి కొత్త విండోస్ ఎక్కిస్త. తర్వాత హోమ్‌గ్రూప్ పెడ్త. ఒక్క పాస్‌వర్డ్ వస్తది, అన్నిట్ల అదే కొడితే ఖతం."

హోమ్‌గ్రూప్ నిజంగానే బాగుండేది. 2009లో విండోస్ 7తో వచ్చింది, ఇళ్ల కోసమే చేసింది. 2018లో విండోస్ 10 కొత్త వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. షాపాయనకు ఆ కబురు ఇంకా అందలేదు. కంట్రోల్ ప్యానెల్ అంతా గాలించి, "మీ విండోస్ డూప్లికేట్ ఉన్నట్టున్నది సార్," అని తేల్చాడు.

"గా ల్యాప్‌టాప్ నీ షాపులనే కొన్నం," అన్నారు పెద్దసారు.

ఇక అల్లుడికి ఓపిక పట్టలేదు. "మామా, అసలు ఇంట్ల ఫైళ్లు పెట్టుకునుడే పాత పద్ధతి. అన్నీ గూగుల్ డ్రైవ్ల పడేయుండ్రి."

"ఎంత జాగ ఇస్తరు?"

"15 జీబీ ఫ్రీ."

"పెద్దోడి లగ్గం వీడియోలే 40 ఉన్నయి కదా."

"మరి ఎక్కువ కావాల్నంటె నెలనెలా కట్టాలె. ఫోటోలు గూడ 2021 జూన్ కెల్లి అండ్లనే లెక్క."

"సరే, గా డ్రైవ్ యాడుంటది?"

"యాడన్న ఉండొచ్చు మామా. సింగపూర్ అనుకోండ్రి."

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంటే కోడలు మెట్లు దిగకుండ ఉండాల్నంటె కాయితం సింగపూర్ పోయి రావాల్నా? మరి నెట్ పోయిన్నాడు?"

ఆ ప్రశ్నకు అల్లుడి దగ్గర జవాబు లేదు. నిజానికి దానికి జవాబు సులువు. రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు. ఇంట్లో కంప్యూటర్ల మధ్య ఫైళ్లు నడవడానికి బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ మాట చెబితే క్లౌడ్ వాదం కూలిపోతుంది, అందుకని అతను రెండో ఉపన్యాసం ఎత్తుకున్నాడు. చిన్న రాస్‌ప్బెర్రీ పై బోర్డు కొందాం, దానికి హార్డ్‌డిస్క్ తగిలిద్దాం, లినక్స్ ఎక్కించి సాంబా పెడదాం అన్నాడు. సాంబా చరిత్ర కూడా చెప్పాడు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ తన పీసీలోంచి యూనిక్స్ కంప్యూటర్ డిస్కును చూడాలనుకున్నాడు. వైరులో పోయే డేటాను గమనించి, అవతలి పద్ధతిని కనిపెట్టి, 1992 జనవరిలో ప్రోగ్రామ్ విడుదల చేశాడు. విండోస్ కంప్యూటర్లతో లినక్స్ మాట్లాడుతున్నదంటే ఇప్పటికీ ఆ పుణ్యమే. అంతా నిజమే.

"గా పిలగానికి సోమారం పొద్దుగాల యూనిట్ టెస్ట్ ఉండెనా?" అని అడిగింది కోడలు.

ఈ సందులో షాపాయన మౌస్ లాక్కున్నాడు. "ఇగ చూడుండ్రి సార్, రెండు నిమిషాలు," అంటూ డెస్క్‌టాప్‌లో ఫైర్‌వాల్ ఆపేశాడు, పాస్‌వర్డ్ రక్షణ తీసేశాడు, డీ డ్రైవ్ మొత్తాన్ని షేర్ చేసి, షేరింగ్‌లోనూ సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ 'ఎవ్రీవన్' పక్కన 'ఫుల్ కంట్రోల్' టిక్కు పెట్టాడు. అప్పటికీ కనిపించకపోతే "పాత ఎస్ఎంబీ ఆన్ చేయాలె, కంపెనోడు దొంగతనంగ బంద్ పెట్టిండు," అని విండోస్ ఫీచర్ల జాబితా తెరిచాడు.

కంపెనీ దొంగతనంగా ఏమీ చేయలేదు, చాటింపు వేసి మరీ ఆపేసింది. విండోస్ కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఒకటి చూసుకునే పద్ధతి పేరు ఎస్ఎంబీ. దాని మొదటి వెర్షన్‌లో ఉన్న లోపాన్ని అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఆయుధంగా మలచుకుని దాచుకుంది. ఆ ఆయుధం దొంగల చేతుల్లో పడి 2017లో బయటికొచ్చింది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది. అప్‌డేట్ చేయని కంప్యూటర్ల మీద మే 12న వానాక్రై అనే కంప్యూటర్ వార్మ్ విరుచుకుపడింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు తాళం పడింది, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లనూ అది వదల్లేదు. పోలీసునూ వెంకన్ననూ లెక్కచేయనిది వినాయక్‌నగర్‌ను చూసి జాలిపడుతుందా? వానాక్రై ఎవరో ఫైలు తెరిస్తేనే వచ్చే రకం కాదు. ఒక కంప్యూటర్‌లో పడితే, అదే నెట్‌వర్క్‌లో మరమ్మతు లేక ఈ పాత తలుపు తీసి ఉన్న ప్రతి కంప్యూటర్‌లోకీ తానే పాకుతుంది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, కొత్తగా ఎక్కించే విండోస్‌లో ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌తో ఫైళ్లు పంచే భాగం దానంతట అది ఎక్కదు.

"అందుకే కద సార్, నేను ఆన్ చేస్తున్న," అన్నాడు షాపాయన.

"ఆగు," అన్నారు పెద్దసారు. ఆయన చూపు ఎస్ఎంబీ మీద లేదు, ఇంకా తెరిచే ఉన్న షేరింగ్ కిటికీ మీద ఉంది. "ఈ ఎవ్రీవన్ ఎవరు?"

"అందరు సార్."

"ఫుల్ కంట్రోల్ అంటే?"

"చదవొచ్చు, రాయొచ్చు, తీసేయొచ్చు. ఎవరికి పర్మిషన్ ఇయ్యాల్నో గూడ మార్చొచ్చు."

పెద్దసారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. చెరుకు సెక్షన్‌లో గడిపిన ఉద్యోగ జీవితం ఒక్కసారిగా లేచి కూర్చుంది. "మా దగ్గర రైతుకు పర్మిట్ రాసిచ్చెటోళ్లం. ఫలానా తారీకు, ఫలానా రైతు, ఇన్ని టన్నులు. అది లేకుంటె గేటు దాటనీయకపోయేది. గేటు దాటినంక మళ్ల కాటా కాడ చూసెటోళ్లు. గేటోడు ఒప్పుకున్నా కాటోడు వద్దంటె బండి ఎనకకే."

అల్లుడు మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు. "ఇండ్ల గూడ గంతే మామా. షేరింగ్ పర్మిషన్ ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్ల ఇంకోటి. నెట్‌వర్క్ మీది కెల్లి వస్తే రెండిట్ల ఏది తక్కువుంటె అదే నడుస్తది."

"మరి ఈయన గేటూ కాటా రెండూ పీకేసిండు గద!"

"ఫ్యామిలీ కద సార్, ఫ్యామిలీల పర్మిట్లెందుకు?" అన్నాడు షాపాయన. మన ఇళ్లలో ఈ వాదం ఓడిపోవడం అరుదు. అయితే అన్నీ బార్లా, లేకపోతే అన్నిటికీ తాళం. ఎవరికి ఏది అని మధ్యలో ఒక జాబితా రాస్తే నమ్మకం లేనట్టు లెక్క.

పెద్దసారు లొంగలేదు. "నమ్మి ఇస్తే ఏమైతదో నాకు తెల్వదా? 1937ల పెట్టిన ఫ్యాక్టరీ. ఆసియాలనే పెద్దదని చెప్పుకునేటోళ్లం. 2002ల సర్కారు షేరింగ్ పెట్టింది, ప్రైవేటోనికి 51, తనకు 49. ఫుల్ కంట్రోల్ ఎవరికి పోయినట్టు? 2015 డిసెంబర్‌ల లేఆఫ్ అన్నరు. ఇప్పుడు సర్కారుకున్నది రీడ్ ఓన్లీ. ప్రతి ఎలక్షన్ల వచ్చి గేటు కాడ నిలబడి చదివిపోతరు. మా రైతులేమో చెరుకు కామారెడ్డి దిక్కు మోసిండ్రు, లేకుంటె వరి పెట్టుకున్నరు."

"సార్, రాజకీయాలొద్దు," అన్నాడు షాపాయన.

"నీతోని రాజకీయం మాట్లాడ్తలేను. రెండు కంప్యూటర్ల నంబర్లు చెప్పు, రాసుకుంట."

అది నెట్‌వర్క్ పరిజ్ఞానం కాదు, గుమాస్తా అలవాటు. పాత డైరీలో రెండు గడులు గీశారు. కింది డెస్క్‌టాప్ 192.168.1.5, పైన ల్యాప్‌టాప్ 192.168.0.101. పెద్దసారు పెన్సిల్ మూడో సంఖ్య దగ్గర ఆగింది.

"ఇది ఒకటి, అది సున్న. ఎందుకు?"

అల్లుడు ముందుకు వంగి చూసి, షాపాయన వైపు తిరిగాడు. "పైన ఇంకో రౌటర్ ఉన్నదా?"

"రేంజ్ వస్తలేదంటే పోయిన దసరాకు నేనే పెట్టిన," అన్నాడు షాపాయన, గొంతు కొంచెం తగ్గించి.

కింది రౌటర్ నుంచి తెచ్చిన తీగను పై రౌటర్ వాన్ పోర్టులో గుచ్చితే అది తనదే వేరు కాపురం పెడుతుంది. ఇంటర్నెట్ రెండు చోట్లా బ్రహ్మాండంగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ పై కంప్యూటర్ పేరు పెట్టి కింది కంప్యూటర్‌ను పిలిస్తే ఆ పిలుపు పై రౌటర్ దగ్గరే ఆగిపోతుంది. తీగను మామూలు లాన్ పోర్టులోకి మార్చి, రెండో రౌటర్ సొంతంగా నంబర్లు పంచడం ఆపేస్తే సరిపోతుంది. కొన్నిట్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒకే మీట ఉంటుంది. అల్లుడు పైకెళ్లి ఆ పని చేసొచ్చాడు. గచ్చిబౌలిలో ఇలాంటి పనికి టికెట్ పెట్టి మూడు రోజులు ఆగేవాడు.

తర్వాతి పని కోడలే చేసింది. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉంది. కొత్త వైఫైకి కలిపినప్పుడు విండోస్ అడిగే ప్రశ్నకు ఎవరో వద్దని నొక్కారు. రైల్వేస్టేషన్‌లో అది సరైన జవాబే, ఇంట్లో కాదు. ఆమె 'ప్రైవేట్' చేసి, ఆపేసిన ఫైర్‌వాల్‌నూ, తీసేసిన పాస్‌వర్డ్ రక్షణనూ మళ్లీ వేసింది. కింది కంప్యూటర్ పైన కనిపించింది. తెరవబోతే యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగింది.

"పిన్ కొట్టుండ్రి మేడం," అన్నాడు షాపాయన.

పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే. నెట్‌వర్క్‌లో నడిచేది ఖాతా పాస్‌వర్డ్. పెద్దసారు ఖాతాకేమో పాస్‌వర్డే లేదు. పాస్‌వర్డ్ లేని ఖాతాను విండోస్ నెట్‌వర్క్ మీదుగా లోపలికి రానివ్వదు. డెస్క్‌టాప్‌లో కోడలికి వేరే ఖాతా తెరిచారు. ప్రశ్నపత్రం ఆ గదిలోంచి ఈ గదిలోకి వచ్చింది.

అంతలో దుబాయి నుంచి పెద్దకొడుకు ఫోన్. అక్కడ వాట్సాప్ కాల్ నడవదు, బోటిమ్ యాప్‌లో చేశాడు. "బాపూ, అంతా షేర్ చేసిండ్రట, నా లగ్గం వీడియోలు పైలం!"

అతని భయంలో విషయం ఉంది. నెట్‌వర్క్ మీదుగా తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, అటే పోతుంది. షేర్ చేసినంత మాత్రాన రెండో కాపీ ఉన్నట్టు కాదు. పెద్దసారు వీడియోలను విడి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయించి, డిస్కును బీరువాలో పెట్టించి, పర్మిట్లు చెప్పడం మొదలుపెట్టారు. ప్రశ్నపత్రాల ఫోల్డర్ కోడలికి, రాయొచ్చు. లగ్గం వీడియోలు అందరికీ, చూడొచ్చు, ముట్టొద్దు. ఫ్యాక్టరీ బకాయిల కాయితాలు తనకొక్కరికే. అల్లుడికి రీడ్ ఓన్లీ.

"మామా, నేను సాఫ్ట్‌వేర్!"

"గందుకే."

షాపాయన బ్యాగు సర్దుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "సార్, విజిటింగ్ చార్జి?"

"బిల్లుల ఫోల్డర్ ఉన్నది. అండ్ల పెట్టిపో, చూసి ఇస్త."

"నాకు పర్మిషన్ లేదు కద సార్."

"అయితే అర్జీ పెట్టుకో," అన్నారు పెద్దసారు, డైరీలో కొత్త పేజీ తిప్పుతూ. "రౌటర్ పెట్టిన తారీకు గూడ అండ్లనే రాయి."