బొగ్గుకున్న గ్రేడు పండుకు లేదా సార్?

ఆహార భద్రత చూసే పెద్దసారు గారికి,

జైపూర్ నుంచి ఒక రిటైర్డ్ బొగ్గుగని కార్మికుడు దండం పెట్టి రాయునది. తమరు క్షేమమని తలుస్తాను. తమ ఇంటికి మామిడిపండ్లు ఎక్కడ కొంటారో చెబితే మేమూ క్షేమంగానే ఉంటాం.

నిన్న రోడ్డు మీద ఒక బండి దగ్గర ఐదు కిలోల బేనిషాన్ పెట్టె కొన్నాను. పక్కబండి మీద కిలో 80, ఇక్కడ 140. అట్టముక్క మీద ‘గడ్డిల మాగేసినయి, కార్బైడ్ లేదు’ అని రాసి ఉంది మరి! కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే మా ఇంటామె నోరెత్తలేదు. బిడ్డ ఏడో నెల కడుపుతో ఇంటికొచ్చింది. ‘పైసలదేముంది, తియ్యి’ అంది.

ఇంట్లో మూత తీస్తే గుప్పున వెల్లుల్లి వాసన. ముప్పై ఏండ్లు గ్యాస్ వెల్డింగ్ చేసిన ముక్కు సార్ ఇది, కార్బైడ్ తెలియదా? గడ్డి కింద కాగితం పొట్లం, సగం సున్నమైపోయి ఉంది. పండు పైకి పసుపు, కోస్తే టెంక దగ్గర తెల్లగా, పుల్లగా. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కలిసి ఉండే సరుకని కార్బైడ్‌ను 2011 నిబంధనల్లోనే నిషేధించారు కదా. కావాలంటే ఎథిలీన్ గ్యాస్‌తో, అదీ పది లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటకుండా మాగబెట్టుకోమన్నారు కదా. ఆ నిషేధం కాగితంలో ఉంది, పొట్లం నా పెట్టెలో ఉంది. ఎవరు చూస్తున్నారు సార్? ఏం చూస్తున్నారు?

జనం చవకకు ఎగబడతారనకండి. కడుపుతో ఉన్న బిడ్డ, ఆసుపత్రి నుంచొచ్చిన మనిషి ఇంట్లో ఉంటే ధర ఎవరడుగుతారు? నిజంగా గడ్డిలో మాగేసే రైతు వారం ఆగుతాడు, మచ్చపడ్డవి పారేస్తాడు. ఎక్కువడగడం న్యాయమే. కానీ ఈ అట్టముక్కల మధ్య అతని మాటా అబద్ధంలాగే వినిపిస్తుంది. పోనీ తోటకే పోయి కొందామంటే, మా చుట్టుపక్కల తోటల కాయేమో లారీలెక్కి నాగ్‌పూర్ పోతుంది.

మేం తవ్వే బొగ్గుకు జీ1 నుంచి జీ17 దాకా గ్రేడులున్నాయి. శాంపిల్ తీసి, గ్రేడు తేల్చాకే ధర కడతారు. బాయిలర్ తినేదానికి ఉన్న పరీక్ష మా బిడ్డ తినేదానికి లేకపాయె. పాల సంగతి, కారప్పొడి సంగతి ఎత్తను, కాగితం చాలదు.

కోపంలో నోరు జారితే మన్నించండి. ఒక్క సాయంత్రం పరీక్ష బండి తోలుకొని రండి సార్. మీరు చూసి మంచిదన్న పండుకు 200 అయినా ఇస్తాం. పెట్టె పొట్లంతో సహా వేపచెట్టు కింద దాచి ఉంచాను. బిడ్డ మాత్రం ఇంకా మామిడిపండు అడుగుతూనే ఉంది. ఏ బండి దగ్గర కొనమంటారో చెప్పండి.