టంకానికి ముహూర్తం

ప్రతి కాలనీలోనూ ఈయన ఒకరుంటారు. వయసు నలభై దాటుతుంది. ఉద్యోగం బ్యాంకులోనో, సాఫ్ట్‌వేర్‌లోనో. కొడుకు పేరు చెప్పి రిమోట్ కారు కొంటారు. కొడుకు దాంతో నాలుగు రోజులు ఆడి క్రికెట్‌కి పోతాడు, కారు తండ్రి బల్లెక్కుతుంది. మన సౌకర్యానికి ఈయన్ని టంకయ్య గారు అనుకుందాం.

కారు పదో వంతు సైజు టామియా బగ్గీ. అందులో బ్రష్‌లెస్ మోటారు పెట్టాలని ఆయన సంకల్పం. ఆ మోటారు లాగే కరెంటుకి బ్యాటరీ మీదున్న తెల్ల టామియా కనెక్టరు తట్టుకోదు, వేడెక్కుతుంది. దాన్ని కోసేసి పసుప్పచ్చ ఎక్స్‌టీ60 అతకాలి. బ్యాటరీ వైపు రెండు, కారు వైపు రెండు, మొత్తం 4 అతుకులు. ఆ నాలుగింటి కోసం ఏ సోల్డరింగ్ ఐరన్ కొనాలన్నదే ఆయన ప్రస్తుత జీవితం.

ఇంట్లో 25 వాట్ల సోల్డ్రాన్ ఐరన్ ఉంది. చాలదంటారు. ఆ మాట అక్షరాలా నిజం. 12 గేజి సిలికాన్ వైరంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మందాన రాగిపోగుల కట్ట. సన్న మొన ఆనిస్తే వేడంతా రాగి లాగేసుకుంటుంది. టంకం పైన ముద్దగా నిలబడుతుందే గాని పోగుల్లోకి ఇంకదు. ఈలోపు కనెక్టరు ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకి ఒరుగుతుంది. కనక 60 వాట్లకి తగ్గకూడదు, బిట్ ఉలిలా వెడల్పుగా ఉండాలి. ఇంతవరకు తెలిసిన మామూలు మనిషైతే బజారుకెళ్లి కొనుక్కొచ్చి, సాయంత్రానికి కారు తిప్పుకుంటాడు.

టంకయ్య గారికి అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. హక్కో స్టేషన్ జపాన్‌ది, నాణ్యమైంది. కాని నీలం పసుపు రంగుల్లో బొమ్మలా ఉంది, ఇంట్లో నవ్వుతారేమో. పెన్నులాంటి టీఎస్100 ముచ్చటగా ఉంది, బ్యాటరీతోనూ నడుస్తుంది. కాని దానికి కనీసం 12 వోల్టులు కావాలి, కారు బ్యాటరీ చూస్తే 7.4. సరే, పెద్ద బ్యాటరీ కొందామంటే, దాన్నుంచి ఐరన్‌కి వైరు వెయ్యాలి. ఆ వైరు చివర ఎక్స్‌టీ60 అతకాలి. అతకడానికి ఐరన్ కావాలి. ఈ సంగతి కనిపెట్టిన రాత్రి ఆయన చాలాసేపు నిద్రపోలేదు, సంతోషంతో.

ఐరన్ సంగతి తేలకముందే టంకం సంగతొచ్చింది. తగరం 63 పాళ్లు, సీసం 37 అయితే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60-40 అయితే మధ్యలో కాసేపు జావలా ఉంటుంది, ఆ క్షణంలో చెయ్యి కదిలితే అతుకు చెడుతుంది. సీసం లేని మామూలు రకమైతే 217 దాకా కరగదు. కోఠీ గుజరాతీ గల్లీలో కౌంటర్ దగ్గర నిలబడి ఇదంతా వివరిస్తుంటే వెనక జనం పెరిగారు. కొట్టతను ఓపిగ్గా విని, "సార్, లెడ్ ఇయ్యాల్నా, చాయ్ చెప్పాల్నా?" అన్నాడు. ఈయన చాయ్ తాగి వచ్చేశారు.

"ఏమండీ, కాలింగ్ బెల్ వైరు ఊడింది, కాస్త అతకరూ" అంది ఆవిడ.

"దానికి బిట్ సన్నది కావాలే. ఇంకా నిర్ణయించలేదు."

ఇప్పుడు వచ్చినవాళ్లు తలుపు తడుతున్నారు.

అలాగని ఆయన్ని పనికిరాని మనిషి అనుకుంటే పాపం. కాలనీ కుర్రాళ్ల కార్లన్నీ ఆయన మాట మీదే పరుగెడుతున్నాయి. హీట్ ష్రింక్ ట్యూబు అతకకముందే వైరుకి ఎక్కించాలని, పిన్నులు ఒరగకుండా కనెక్టరు రెండో సగం తగిలించి ఉంచాలని, వైరుకీ పిన్నుకీ విడివిడిగా ముందే టంకం పట్టించాలని, బ్యాటరీ వైర్లు రెండూ ఒకేసారి కొయ్యకూడదని, ఒకదానికొకటి తగిలితే ఇక చూసుకోనక్కర్లేదని చెప్పింది ఆయనే. వాళ్లు విని, చేసి, వెళ్లిపోతారు. ఆయన బగ్గీకి మాత్రం తెల్ల కనెక్టరు చెక్కుచెదరలేదు.

సెలవులకి మేనల్లుడొచ్చాడు. మామయ్య కోఠీ వెళ్లిన ఒక మధ్యాహ్నం పక్కింటి ఐరన్ అడిగి తెచ్చి, మామయ్య చెప్పిన సూత్రాలన్నీ వరసగా పాటించి, నాలుగు అతుకులూ వేసేశాడు. పనిలో పనిగా కాలింగ్ బెల్ కూడా.

టంకయ్య గారు వచ్చి చూశారు. భూతద్దం తెచ్చి చూశారు. వైరు పట్టుకుని లాగారు. అతుకు నున్నగా మెరుస్తోంది, ఒక్క వంక లేదు. మొహం వాడిపోయింది.

"బావుందిరా," అన్నారు, ఇంట్లో దొంగలు పడ్డవాడిలా. అన్నం సరిగా తినలేదు. కారు తిప్పుదాం రమ్మంటే తలనొప్పన్నారు. ఆవిడ కంగారుపడి, అతికింది ఊడదీసెయ్యమందామా అని కూడా ఆలోచించింది.

రాత్రి పదకొండింటికి గదిలో లైటు వెలిగింది. మేనల్లుణ్ణి తట్టి లేపారు. మొహం కళకళలాడుతోంది.

"ఒరేయ్, అతకడం సరే. రేపెప్పుడైనా విప్పాల్సొస్తే? సక్షన్ పంపు మంచిదంటావా, రాగి విక్కా?"