నీళ్ల వైద్యం

తెలుగింట్లో ఏ ఆపద వచ్చినా మొదటి వైద్యం మంచినీళ్లే. ఎండనపడి వచ్చినవాడికి నీళ్లు, ఎక్కిళ్లు పట్టినవాడికి నీళ్లు, ఏడ్చేవాడికి నీళ్లు, కళ్లు తిరిగి పడిపోయినవాడి మొహాన నీళ్లు. పరీక్ష తప్పినవాణ్ణి కూడా "ముందు కాసిని నీళ్లు తాగరా" అనే ఓదారుస్తాం. ఇంతటి వైద్య పరంపర ఉన్న ఇంట్లో ఒక మొక్క తల వేలాడేస్తే ఊరుకుంటారా?

మా బాల్కనీకి కాగితంపూల మొక్క వచ్చింది. పుట్టిల్లు గోదావరి పక్కన కడియపులంక. అక్కణ్ణుంచి లారీలో హైదరాబాదు, నర్సరీ నుంచి ఆటోలో మా గడప. సాయంత్రం చల్లబడ్డాక నల్లకవరు బ్లేడుతో కోసి, వేళ్లచుట్టూ ఉన్న మట్టిముద్ద చెదరకుండా కుండీలోకి దించాను. పైకి ముళ్లతో ఎంత బెదిరించినా ఈ మొక్క వేళ్లు మహా సుకుమారం. ముద్ద విరిగిందా, అలిగి ఆకులన్నీ రాల్చేస్తుంది. అడుగు చిల్లులోంచి కారేదాకా ఒక్కసారి నిండా నీళ్లు పోశాను. మొక్క మీద నా పెత్తనం అంతటితో సరి.

మర్నాడు మధ్యాహ్నానికి ఆకులు వాలిపోయాయి. ఇందులో వింతేమీ లేదు. కుండీ మారేటప్పుడు నీళ్లు పీల్చే నూగువేళ్లు కొన్ని తెగుతాయి. ఆకులు మాత్రం పాత అలవాటు కొద్దీ నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. రాబడి తగ్గినా ఖర్చు తగ్గకపోతే ఏ సంసారమైనా అలాగే నీరసిస్తుంది. కొత్తవేళ్లు వచ్చేదాకా నాలుగురోజులు నీడపట్టున ఉంచి, ఎరువు జోలికి పోకుండా ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే మా అపార్టుమెంటులో ఎవరికీ పట్టుబడని విద్య.

పొద్దున్నే తులసికి పోయగా చెంబులో మిగిలిన నీళ్లు, "పాపం, ఇదీ ప్రాణమేగా" అంటూ అమ్మ పోసింది. బియ్యం కడిగిన నీళ్లు బలమని మా ఆవిడ పోసింది. బడి నుంచి వస్తూనే మావాడు సీసాలో మిగిలినవన్నీ దాని మీద కుమ్మరించి, నీళ్లన్నీ తాగేశానని వాళ్లమ్మకు చూపించాడు. పైఅంతస్తు పిన్నిగారు వడకట్టిన టీపొడి తెచ్చారు, పంచదార కడక్కుండా. వెంటనే చీమలు కూడా పరామర్శకు వచ్చాయి. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు పుల్లమజ్జిగ పోస్తూ, "సూక్ష్మజీవులు బాబూ, సూక్ష్మజీవులు!" అన్నారు. ఎవరికివారు ఆ మొక్కకు దిక్కు తామేననుకున్నారు.

వేళ్లు నీళ్లే కాదు, గాలీ పీల్చాలి. మట్టిరేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోటంతా నీళ్లే నిండితే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పైకి పంపలేదు, ఆకు వాడుతుంది. ఆకు వాడింది కదా అని మళ్లీ చెంబు వస్తుంది. దాహంతో వాడిన మొక్కా, మునిగి వాడిన మొక్కా దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి. తేడా చెప్పగలిగేది మన చూపుడువేలే. రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి, తడి తగిలితే చెంబు దించేయాలి. ఇదంతా చెప్పబోతే హెడ్మాస్టరుగారు, "వేలెట్టడం దేనికి బాబూ, ఆకు చూస్తే తెలియట్లా?" అన్నారు.

కాగితంపూల చెట్టు సొంతూరు దక్షిణ అమెరికా. 1767లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో కొమ్మెర్సాన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి కంటబడింది. ఆయన ఎక్కివచ్చిన ఓడల యాత్రకు నాయకుడు బూగన్‌విల్. బోగన్‌విలియా అన్న పేరు ఆయనదే. అంతంత సముద్రాలు దాటిన మొక్క ఇప్పుడు హైవే డివైడర్ల మీద లారీ పొగ పీలుస్తూ, ట్యాంకరు వచ్చిన రోజే పండగనుకుంటూ విరగబూస్తోంది. అక్కడ దానికి పిన్నిగారు లేరు, మజ్జిగ లేదు. వేరు కుదురుకున్నాక మట్టి కాస్త ఎండితేనే దానికి పూయబుద్ధి పుడుతుంది. నీళ్లు ఎక్కువైతే ఒట్టి ఆకులు మేపుతుంది. నర్సరీ అబ్బాయి అందుకే, "నీళ్లు పోయడం ఎవరైనా చేస్తారు సార్, మర్చిపోవడం నేర్చుకోండి" అన్నాడు.

మర్చిపొమ్మని మావాళ్లకు చెప్పడం నావల్ల కాలేదు. దయ ఆగదు, దారి మళ్లించాలంతే. ఇంకో కుండీలో మట్టి నింపి, నడుమ ఓ ఎండుపుల్ల గుచ్చి, "ఇది బ్రెజిల్ రకం అంటు. మహా సున్నితం. సేవంతా దీనికే" అని చాటించాను. అసలు మొక్కకు "పురుగుమందు కొట్టాం, ముట్టుకోరాదు" అని అట్టముక్క కట్టి ఎండలోకి జరిపాను. తులసి చెంబు, బియ్యం నీళ్లు, టీపొడి, మజ్జిగ, అన్నీ పుల్లకు నైవేద్యమయ్యాయి.

అట్టచాటు మొక్క కోలుకుంది. ఎర్రటి చిగుళ్లు వేసింది, ఆపైన గులాబిరంగు కమ్ముకుంది. ఆ రంగంతా నిజానికి ఆకులదే. అసలు పువ్వు మధ్యలో ఉన్న తెల్లటి బుల్లి గొట్టం. ఇంతకీ పూయించిన ఘనత ఎవరిదని మొదలైంది. తులసి నీళ్ల మహిమంది అమ్మ. బియ్యం నీళ్ల సత్తువంది మా ఆవిడ. మజ్జిగ చుక్కైనా దాని మొహం చూసి ఎన్నాళ్లయిందో హెడ్మాస్టరుగారికి గుర్తులేదు.

ఈలోగా పుల్ల పక్కన పచ్చగా ఏదో మొలిచింది. వంటింటి నీళ్లతోపాటు వచ్చిన టమాటా గింజ అది. హెడ్మాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని, ఆకు నలిపి వాసన చూసి, "సందేహం లేదు బాబూ, బ్రెజిల్ రకమే!" అని తేల్చి, ఇంకో గ్లాసు మజ్జిగకు ఇంట్లోకి కేకేశారు.