నట్టల మందు పరువు ప్రతిష్ఠలు

పసుపు మార్కెట్టుకు పేరుబడ్డ కేసముద్రంలో, తూకంలో తరుగు పేరిట పావు కిలో పోయినా కాంటా దగ్గరే పంచాయితీ పెట్టే రైతు, ఇంటి కుక్కకు నట్టల మందు వేయవలసి వచ్చేసరికి దాని బరువును కంటిచూపుతోనే తేల్చేస్తాడు. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక, ఈ ఉదారత వల్ల బాగుపడేవి నట్టలే. కుక్కను చంకనెత్తుకుని కాంటా ఎక్కి, ఆపై ఒంటరిగా ఎక్కి తేడా చూస్తే సరిపోతుంది గాని, ఆ పద్ధతిలో యజమాని బరువు కూడా నలుగురిలో బయటపడుతుంది.

కుక్క పని కుక్క, గాడిద పని గాడిద చేయాలన్న సామెత మందులకూ వర్తిస్తుంది. కిలోకు 5 మిల్లీగ్రాముల పైరాంటెల్, ఏలికపాములనూ, పేగు గోడను కరిచి రక్తం తాగే కొంకిపురుగులనూ బిగుసుకుపోయేలా చేసి బయటికి పంపుతుంది గాని, పెద్దపేగులో తిష్ఠవేసే కొరడాపురుగుల జోలికీ, బద్దెపురుగుల జోలికీ పోదు. కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున వరుసగా మూడు రోజులు వేసే ఫెన్‌బెండజోల్ కొరడాపురుగులకు సైతం తిండి అందకుండా చేసి చంపుతుంది. ప్రాజిక్వాంటెల్ బద్దెపురుగు పైచర్మాన్ని చెడగొట్టి, దాన్ని పేగులోనే అరిగిపోనిస్తుంది. పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్‌లకు ఫెబాంటెల్‌ను, అంటే ఒంట్లోకి చేరాక ఫెన్‌బెండజోల్‌గా మారే మందును, జతచేసిన గోలీలు పుట్టింది ఇందుకే.

అయితే మందుల పరువు వాటి పనితనం మీద గాక, మర్నాటి పెంట మీద ఆధారపడి ఉంటుంది. మెలికలు తిరిగే ఏలికపాములను కళ్లెదుట పడేసే పైరాంటెల్‌కు వాడంతా జేజేలు పలుకుతుంది. శవం కూడా మిగల్చని ప్రాజిక్వాంటెల్ మాత్రం డబ్బు దండగన్న అపకీర్తిని మూటగట్టుకుంటుంది.

ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లకు సంక్రమిస్తాయి, కొంకిపురుగులు చనుబాలతో చేరతాయి. కనుక కుక్కపిల్లకు రెండో వారం నుంచే, రెండు వారాలకొకసారి మందు వేయాలంటారు పశువైద్యులు. ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన ఆల్బెండజోల్‌నే కుక్కకూ పంచే పొదుపరులు, అది కుక్కల ఎముక మజ్జను దెబ్బతీయగలదని తెలుసుకోవాలి.

ఇక తోక కింద దోసగింజల్లా బద్దెపురుగు ముక్కలు మళ్లీ అంటుకుని కనిపిస్తే, నింద మందుల దుకాణం మీద పడుతుంది. బొచ్చులో గెంతుతూ రక్తం పీల్చే ఫ్లీ అనే చిన్న పురుగును కుక్క కొరికి మింగడం వల్లనే ఆ బద్దెపురుగు తిరిగి వచ్చిందని తెలియక, యజమాని మందు పేరు మారుస్తాడు. ఫ్లీ మాత్రం చిరునామా మార్చదు.