నా తెర మీది నలుపు

విమానం ముక్కు తొడుగు వెనకాల ఉంటాను నేను. వెదర్ రాడార్‌ని. నా పళ్లెం వెడల్పు 30 అంగుళాలుంటుంది. కుడికీ ఎడమకీ తల తిప్పుతూ 3 సెంటీమీటర్ల పొడవున్న అలల్ని ముందుకు విసురుతుంటాను. చినుకులకు తగిలి తిరిగొచ్చినవాటిని ఏరుకుని కాక్‌పిట్ తెర మీద రంగులేస్తాను. 100 కిలోమీటర్ల అవతలి వాన కబురు నాకు చేరడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు.

చిన్న వానకు ఆకుపచ్చ, ఓ మోస్తరుకు పసుపు, జోరువానకు ఎరుపు, ఆ వానలోనే కుదుపులుంటే మెజెంటా. ఇది ఒక్క పూటలో ఎవరైనా నేర్చేసుకుంటారు. ఎన్నేళ్లు నడిపినా జాగ్రత్తగా చదవాల్సింది నలుపుని. అక్కడి నుంచి నాకు ఏమీ తిరిగి రాలేదు, అంతే దాని అర్థం. ఏమీ లేదని కాదు.

1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియాలో ఒక డీసీ-9 విమానం ఉరుముల వానలోకి వెళ్లింది. నీళ్లూ వడగళ్లూ మింగి ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. హైవే మీద దించబోతే డెబ్బైమందికి పైగా చనిపోయారు. ఆ మబ్బుల్లోంచి దారి వెతుక్కోవడానికి రాడార్‌నే నమ్ముకోవడం కూడా ఒక కారణమని దర్యాప్తులో తేల్చారు. మా జాతి మొత్తం మోయాల్సిన బరువది.

మొన్న మే నెలలో ఒక సాయంత్రం శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్తున్నాం. 36,000 అడుగుల ఎత్తు. ఒడిశా మీద, 80 నాటికల్ మైళ్ల ముందు, చిన్న ఆకుపచ్చ మరక వేశాను.

"పెద్దగా ఏమీ లేనట్టుంది సార్" అంది కో-పైలట్.

"మనం చూస్తున్నది దాని నెత్తిని తల్లీ. అంత ఎత్తున ఉండేది మంచు పలుకులే, వాటిని ఇది సరిగ్గా పట్టుకోలేదు. నీళ్లుండేది కింద" అంటూ కెప్టెన్ టిల్ట్ మీట తిప్పాడు. ఒక్క డిగ్రీ దించితే 80 మైళ్ల దూరంలో నా చూపు 8,000 అడుగులు దిగుతుంది. రెండున్నర డిగ్రీలు దించేసరికి మబ్బు నడుము దగ్గరికి, 16,000 అడుగులకి చేరాను. ఆకుపచ్చ చోట ఎర్రటి ముద్ద, దానికో కొక్కెం. వెనకాల నున్నటి నలుపు.

"ఎరుపు దాటితే ఖాళీయే కదా సార్?"

ఆయన జవాబు చెప్పలేదు. నన్ను ఇంకా వంచాడు. అటూ ఇటూ నేల కనిపించింది, గరుకు గరుకుగా, రంగురంగులుగా. ఎరుపు వెనకాల మాత్రం నేల కూడా లేదు. వాన నా అలల్ని మొత్తం తాగేసింది. ఎర్రముద్ద వెనక నీడ పడిందంతే.

"నేల ఎక్కడికీ పోదు కదమ్మా" అన్నాడు మెల్లగా.

ఆమె కాసేపు తెర వంకే చూసింది. తర్వాత తనే మైకు అందుకుని గాలి వచ్చే వైపుకి, ఎడమకి, 20 మైళ్లు పక్కకి తప్పుకుంటామని కోల్‌కతా కంట్రోల్‌ని అడిగింది.

కుడి కిటికీలో మబ్బు లోపల్నుంచి వెలిగింది. దూరంగా ఇంకో ఆకుపచ్చ మరక వేశాను. ఈసారి టిల్ట్ మీద చెయ్యి వేసింది ఆ అమ్మాయే.